ముగ్గురు పిల్లల ఇంటి చదువు: టైం టేబులు, కాగితాలు, రికార్డులు చేజారకుండా ఎలా?

ఇంటిబడి_ఒంగోలు

నమస్తే అండీ. ముగ్గురు పిల్లలు, వయసులు 6, 9, 13. ముగ్గురికీ చదువు ఇంట్లోనే. పెద్దబ్బాయిని వచ్చే ఏడాది ఎన్‌ఐఓఎస్ (కేంద్రం నడిపే సార్వత్రిక పాఠశాల) సెకండరీలో, అంటే పదో తరగతిలో చేర్పించాలి. నా ప్రశ్న పాఠాలు చెప్పడం గురించి కాదు, అన్నీ ఒక పద్ధతిలో పెట్టుకోవడం గురించి. సోమవారం మొదలైన టైం టేబులు బుధవారానికి దారి తప్పుతోంది. ఎవరి పుస్తకం ఎక్కడ ఆగిందో గుర్తుండట్లేదు. వర్క్‌షీట్లు గుట్టలు పడుతున్నాయి, దిద్దాల్సినవి మిగిలిపోతున్నాయి. చదువుకంటూ వేరే గది లేదు, హాల్లో డైనింగ్ టేబులే బడి. కొలతలు, టైములతో సహా చెప్పగలిగితే మేలు చేసినవాళ్లవుతారు.

వరస

టైం టేబులు గడియారానికి కట్టారు, అందుకే నిలబడట్లేదు. 9:00 లెక్కలు, 9:40 తెలుగు అని రాసుకుంటారు. గ్యాస్ సిలిండర్ వచ్చి పావుగంట పోతే ఆ తర్వాతివన్నీ ఆలస్యమే. ఆలస్యమైన పాఠాన్ని కుదించడం, కుదించిందాన్ని రేపటికి నెట్టడం, రెండు రోజుల్లో అసలు పట్టించుకోవడమే మానేయడం, ఇదే జరిగేది. టైములకు బదులు వరస రాయండి. ఇంట్లో ఎలాగూ రోజూ జరిగే పనులకు దాన్ని ముడివేయండి: టిఫిన్, మధ్యాహ్న భోజనం, సాయంత్రం పాలు. "టిఫిన్ అయ్యాక అందరూ కలిసి" అని రాస్తే టిఫిన్ 8:30కి అయినా 9:15కి అయినా వరస చెడదు.

ముగ్గురు పిల్లలున్నప్పుడు దీనికంటే ముఖ్యమైన నియమం ఒకటుంది. ఒక సమయంలో ఒక్కరికే కొత్త పాఠం. తొమ్మిదేళ్ల పాపకి భిన్నాలు మొదలుపెట్టి, అదే అరగంటలో పెద్దవాడికి బీజగణితం కొత్త అధ్యాయం పెడితే ఇద్దరూ మిమ్మల్ని పిలుస్తూనే ఉంటారు, ఇద్దరి పనీ సగంలో ఆగుతుంది. అందుకని ప్రతి పిల్లవాడి పనినీ రెండుగా విడదీయండి: అమ్మ పక్కన కూర్చోవాల్సినవి, తనంతట తాను చేసుకునేవి.

మీ పిల్లల వయసులకి పొద్దుటి వరస ఇలా వస్తుంది.

మొదటి 20 నిమిషాలు ముగ్గురూ కలిసి: ఒక పద్యం, ఎక్కాలు, మీరు పైకి చదివే కథలో రెండు పేజీలు. తర్వాత 20 నిమిషాలు చిన్నవాడితో మీరు, ఆ సమయంలో పాపకి చూచిరాత, పెద్దవాడికి నిన్నటి లెక్కల అభ్యాసం. తర్వాత చిన్నవాడు మట్టి, బొమ్మలు, రంగులు. మీరు పాపతో 30 నిమిషాలు లెక్కలు, 20 నిమిషాలు ఇంగ్లీషు. పెద్దవాడు అప్పుడు సైన్స్ పాఠం చదివి ప్రశ్నలు రాసుకుంటాడు. ఆ తర్వాత చిన్నవాళ్లిద్దరినీ ఆటకి వదిలి, పెద్దవాడితో గట్టిగా 45 నిమిషాలు. మొత్తం రెండున్నర గంటల లోపే. ఆరేళ్లవాడికి రోజంతా కలిపి గంటన్నర మించనక్కర్లేదు, ఒక్కో కూర్చోవడం 15–20 నిమిషాలే. తొమ్మిదేళ్లకి రెండున్నర, మూడు గంటలు. పదమూడేళ్లవాడికి నాలుగు, నాలుగున్నర, అందులో సగానికి పైగా సొంతంగా చేసుకునేదే అయి ఉండాలి.

పెద్దవాణ్ణి మొదట కూర్చోబెట్టి చిన్నవాణ్ణి చివరికి పెట్టడం చాలామంది చేసే పొరపాటు. చిన్నవాడి ఓపిక పొద్దున్నే ఉంటుంది. వాడి పని ముందు అయిపోతే మిగతా గంటన్నర వాడు అడ్డు రాడు.

పలకాబలపం

వరస గారి మాటకి ఒక చేర్పు. రోజూ తప్పనివి లెక్కలు, చదవడం, రాయడం, ఈ మూడే. సైన్స్, సోషల్, హిందీ, బొమ్మలు, జీకే లాంటివాటికి వారం పేరు పెట్టకండి. "బుధవారం సోషల్" అని ఉంటే, బుధవారం చుట్టాలొచ్చినా, కరెంటు పోయినా, జ్వరం వచ్చినా ఆ వారానికి సోషల్ లేనట్టే. నెలలో రెండు బుధవారాలు పోతే సగం పాఠం పోయింది.

దానికి బదులు చక్రం. ఒక అట్టముక్క నిలువుగా కత్తిరించి సబ్జెక్టులు ఒకదాని కింద ఒకటి రాయండి. పక్కన బట్టల క్లిప్పు పెట్టండి. మధ్యాహ్నం సెషన్‌లో క్లిప్పు ఎక్కడుంటే ఆ సబ్జెక్టు చేసి, క్లిప్పు కిందికి దించాలి. అడుక్కి వెళ్లాక మళ్లీ పైకి. మధ్యలో నాలుగు రోజులు పోయినా క్లిప్పు ఉన్నచోటే ఉంటుంది, ఏదీ తప్పిపోదు.

రెండు జాగ్రత్తలు. అట్ట మీద ఆరుకి మించి రాయొద్దు. తొమ్మిది, పది రాస్తే ఒక చుట్టు తిరిగేసరికి రెండు వారాలు దాటుతుంది, పిల్లలకి పోయినసారి చదివింది గుర్తుండదు. రెండోది, హిందీ లాంటి భాష తరచుగా రావాలి కాబట్టి అదే అట్ట మీద రెండుచోట్ల రాయండి, పైన ఒకసారి, మధ్యలో ఒకసారి. క్లిప్పు జరిపే పని తొమ్మిదేళ్ల పాపకి ఇవ్వండి, మీరు మర్చిపోయినా ఆ వయసు పిల్లలు మర్చిపోరు.

ఓరుగల్లు_నాన్న

సామాన్ల గురించి చెప్తున్న. వేరే గది లేదన్నరు, దానితోటి నష్టమేం లేదు. ఒక్కొక్కరికి ఒక్క ట్రే, ఏ4 కాగితం పడుకోబెట్టినంక చుట్టూ రెండు వేళ్ల జాగ ఉండే సైజు, లోతు 10 సెంటీమీటర్లు చాలు. లోతు ఎక్కువుంటే అడుగున పడ్డది మళ్ల కనపడదు. ట్రేల ఈ వారం వాడేటివి మాత్రమే ఉండాలె: నడుస్తున్న నోటు పుస్తకాలు, టెక్స్ట్ బుక్కులు, పౌచ్. భోజనాల టైంకి మూడు ట్రేలు ఎత్తి బీరువ పక్క షెల్ఫుల పెడితే టేబుల్ ఖాళీ అయితది. ఎత్తుడు, దించుడు పిల్లల పనే.

నోటు పుస్తకాలు ఏవి పడితే అవి కొనకుండ్రి. ఇంగ్లీషుకి నాలుగు గీతలది, చిన్నోనికి తెలుగుకి రెండు గీతలది, లెక్కలకి గళ్లది. పాపకి గూడ లెక్కలకి గళ్లదే మంచిది, గుణకారాలల్ల ఒకట్ల స్థానం, పదుల స్థానం జరగకుండ ఉంటయి. లెక్కలల్ల కొన్ని తప్పులు అంకెలు పక్కకి జరుగుడు వల్లనే వస్తయి. ఒక్కొక్కరికి ఒక్క అట్ట రంగు: ముగ్గురు, మూడు రంగులు. సబ్జెక్టుకి రంగు పెట్టకుండ్రి, మనిషికే పెట్టుండ్రి. దూరం నుంచి చూస్తే ఎవరిదో తెలియాలె, ఏ సబ్జెక్టో లేబులు చెప్తది.

విడి కాగితాలు ఎంత తగ్గిస్తే అంత మంచిది. వర్క్‌షీటు ప్రింట్ తీస్తే ఆ రోజే పంచింగ్ జేసి ఫైల్ల కట్టాలె, లేదా నోటు పుస్తకంల అతికించాలె. "తర్వాత పెడతం" అన్న కాగితం గుట్టల కలిసిపోతది. తేదీ పైన కుడిపక్క, పిల్లలే రాయాలె. తేదీ లేని కాగితం ఆర్నెల్లకి ఎందుకూ పనికిరాదు.

మెట్టపల్లె

తేదీ రాయించడం గురించి నాన్న గారు చెప్పింది బంగారం లాంటి మాట. కోస్తాలో ఉన్నవాళ్లకి ఇంకోటి: జులై నుంచి నవంబరు దాకా గోడ వారగా, నేల మీద కాగితాల పెట్టెలు ఉంచొద్దు. చెమ్మ కింద నుంచే పడుతుంది, చెదలు కూడా అటు నుంచే వస్తాయి. గోడకి నాలుగు వేళ్ల ఎడం, నేల నుంచి ఒక చెక్క ఎత్తు. పాత నోటు పుస్తకాలు కట్ట కట్టేటప్పుడు రబ్బరు బ్యాండు వద్దు, ఎండాకాలం కరిగి అట్టకి అంటుకుపోతుంది. పురికొస వాడండి. స్టేపిల్ పిన్నులు తుప్పు పట్టి కాగితం మీద మరకలు వేస్తాయి కాబట్టి చాలాకాలం దాచాల్సిన వాటికి దారంతో కట్టే ఫైలే మేలు.

ఇంటిబడి_ఒంగోలు

క్లిప్పు అట్ట ఇవాళే చేస్తాను. అన్నీ దాచాలా అండీ? మూడేళ్లకే ఒక ట్రంకుపెట్టె నిండింది. అడిగేవాళ్లు ఎవరూ లేనప్పుడు రికార్డు ఎంతవరకు అవసరం?

గోదారిగట్టు

మన దగ్గర ఇంటి చదువుకి రిజిస్ట్రేషన్ అంటూ లేదు, వచ్చి తనిఖీ చేసేవాళ్లూ లేరు. అయినా రికార్డు రెండు సందర్భాల్లో అక్కరకొస్తుంది. ఒకటి, పిల్లలు మధ్యలో బడికి వెళ్లాల్సి వస్తే. 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం బడి మానేసిన లేదా ఎన్నడూ చేరని పిల్లలని వయసుకి తగ్గ తరగతిలోకి తీసుకోవాలి. తీసుకున్నాక టీచరుకి వీడికేం వచ్చు, ఏం రాదు అనేది చూపించాలంటే తేదీలున్న నాలుగు పుస్తకాలు ఏ మాట కన్నా బాగా పనిచేస్తాయి. రెండు, మన కోసమే. పోయిన జులైలో భాగహారం ఎక్కడ తడబడ్డాడో కాగితం చెప్తుంది, మన జ్ఞాపకం చెప్పదు.

కానీ అన్నీ దాచక్కర్లేదు. నెలాఖరున ఒక్కొక్క పిల్లవాడికి, ఒక్కొక్క సబ్జెక్టుకి ఒక్క కాగితం. బాగా చేసింది కాదు, మామూలుగా చేసింది తియ్యండి. 40 కవర్ల ఫైలు ఒకటి కొంటే ఐదు సబ్జెక్టులకి ఎనిమిది నెలలు సరిపోతుంది. మిగతా నోటు పుస్తకాల్లో మొదటి పేజీ, ఆఖరి పేజీ ఫోటో తీసుకుని పాత కాగితాలకి వేసెయ్యొచ్చు. లెక్కల పుస్తకాలు మాత్రం ఏడాది పాటు ఉంచండి, పాత అధ్యాయాల లెక్కలే మళ్లీ చేయించడానికి పనికొస్తాయి.

ఫిలడెల్ఫియా_తెలుగు

ఇక్కడ అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఇంటి చదువుకి రికార్డు చట్టపరంగా తప్పనిసరి కాబట్టి పద్ధతి బాగా స్థిరపడింది. అందులో కొంత ఒంగోలుకీ పనికొస్తుంది. ఆగస్టు 1 లోగా స్కూల్ డిస్ట్రిక్టుకి అఫిడవిట్ ఇవ్వాలి. ఏడాదికి 180 రోజులు, లేదా ఆరో తరగతి దాకా 900 గంటలు, ఆపైన 990 గంటలు చదువు జరగాలి. ఏ రోజు ఏం చేశారో అప్పటికప్పుడు రాసిన చిట్టా, చదివిన పుస్తకాల పేర్లు, పిల్లల పని నమూనాలు కలిపి పోర్ట్‌ఫోలియో కట్టాలి. అర్హత ఉన్న ఎవాల్యుయేటర్ (చదువుని మదింపు చేసే వ్యక్తి) పిల్లవాడితో మాట్లాడి, అది చూసి సర్టిఫై చేయాలి. ఆ సర్టిఫికెట్ జూన్ 30 లోగా వెళ్లాలి. మూడు, ఐదు, ఎనిమిది తరగతుల్లో ప్రామాణిక పరీక్ష కూడా ఉంటుంది.

గంటలు లెక్కపెట్టే జోలికి పోకుండా రోజులు లెక్కపెట్టుకోవడమే తేలిక. ఒక కాగితం మీద 180 గళ్లు గీసి నంబర్లు వేసి తలుపు లోపలి వైపు అంటించాలి. చదువు జరిగిన రోజు ఒక గడిలో తేదీ. అంతే. మీకు 180 లెక్క లేకపోయినా ఈ గళ్ల కాగితం పెట్టుకోండి. చదువు జరగట్లేదు అనే దిగులు చాలాసార్లు నిజం కాదు, గళ్లు చూస్తే జరిగింది ఎంతో తెలుస్తుంది. నిజంగానే తగ్గితే అదీ దాస్తే దాగదు.

నమూనాలకి ఇక్కడ అందరూ పాటించేది: సబ్జెక్టుకి మూడు, ఏడాది మొదట్లోది, మధ్యలోది, చివరిది. పక్కపక్కన పెడితే ఎదుగుదల కనిపిస్తుంది. తెలుగు కూడా చెప్పే మనవాళ్లకి ఒక సూచన, పుస్తకాల జాబితాలో తెలుగు పుస్తకం పేరుని తెలుగు లిపిలో రాసి, పక్కనే ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాయండి. ఎవాల్యుయేటర్ చదవగలగాలి కదా.

వరస

చిట్టా విషయంలో ఒక్క మాట. ముందుగా వేసుకున్న ప్లాను, జరిగిన పని, ఈ రెండూ ఒకే పుస్తకంలో ఎదురెదురు పేజీల్లో ఉండాలి. ఎడమ పేజీ పెన్సిల్‌తో ప్లాను, కుడి పేజీ పెన్నుతో జరిగింది. ఒక్కొక్కరికి రోజుకి ఒకటే లైను: "లెక్కలు పే. 47–48, ఆరో లెక్క రాలేదు. తెలుగు క్రావడి." ఆ "రాలేదు" అన్న ముక్కే అసలైన సమాచారం. టిక్కులు పెట్టుకుంటూ పోతే పాఠం అయిందని తెలుస్తుంది, వచ్చిందో లేదో తెలియదు.

ఓరుగల్లు_నాన్న

ఫోన్‌ల యాప్‌లు వాడొచ్చు గదా అని ఎవరన్న అంటరు. లెక్క చూడుండ్రి: ముగ్గురు పిల్లలు, రోజుకి నాలుగేసి పేజీలు, నెలకి 20 రోజులు, 240 ఫోటోలు. పెండ్లి ఫోటోల నడుమ అవి దొరకవు. ఫోటోలే కావాలంటే ఒక్కొక్కరి పేరు మీద వాట్సాప్ గ్రూపు జేసి అండ్ల మీరొక్కరే ఉండుండ్రి, తేదీ దానంతట అదే పడతది. నెలకోసారి గూగుల్ డ్రైవ్‌ల "2025-07 పాప" లాంటి ఫోల్డర్‌ల వేసుకోవాలె. ఏడాది ముందు, నెల తర్వాత రాస్తే ఫోల్డర్లు వాటంతట అవే వరసల ఉంటయి. ఉచితంగ ఇచ్చే 15 జీబీల మెయిల్ గూడ కలిసే ఉంటది, అది మర్చిపోవద్దు.

పలకాబలపం

ఆరేళ్లవాడి గురించి ఎవరూ రాయలేదు. ఆ వయసుకి ప్లాను పుస్తకం కన్నా కార్డుల పెట్టె ఎక్కువ పనిచేస్తుంది. పాత పెళ్లిపత్రికలు కత్తిరిస్తే మంచి గట్టి కార్డులు వస్తాయి. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, ఎక్కాలు అన్నిటికీ ఇవే. చెప్పుల పెట్టెలో మూడు అరలు చేయండి: రోజూ, వారానికి రెండుసార్లు, నెలకోసారి. కొత్త కార్డు మొదటి అరలోకి. వరసగా మూడు రోజులు తడుముకోకుండా చెప్తే రెండో అరలోకి. అక్కడ నాలుగుసార్లు సరిగ్గా వస్తే మూడో అరలోకి. ఎక్కడ తప్పినా మళ్లీ మొదటి అరలోకే. మొదటి అరలో పన్నెండు కార్డులకి మించకూడదు. మించితే ఐదు నిమిషాల పని పావుగంట అవుతుంది, పిల్లవాడు పెట్టె చూస్తేనే పారిపోతాడు.

ఒకేలా కనిపించే అక్షరాలని ఒకే వారం కొత్తగా పెట్టకండి. ద, ధ, థ ఒకటి. ప, ష ఒకటి. వ, మ ఒకటి. ముందు ఒకటి మూడో అర చేరాలి, అప్పుడు దాని జోడీ పెట్టెలోకి రావాలి. రెండూ కలిపి పెడితే రెండూ గందరగోళమే, దాన్ని సరిచేయడానికి నేర్పినదానికంటే ఎక్కువ రోజులు పడుతుంది. ఒత్తుల్లో కూడా అంతే, అక్షరం ఆకారం మారకుండా కిందకి వచ్చేవి ముందు (డ్డ, బ్బ, జ్జ), పూర్తిగా మారిపోయేవి (త, న, మ, య, ర, ల ఒత్తులు) ఒకటొకటిగా తర్వాత.

ఇంటిబడి_ఒంగోలు

పెళ్లిపత్రికల ఆలోచన భలే ఉంది పలక గారూ. దిద్దడం సంగతి చెప్పండి. రాత్రికి ముగ్గురివీ కలిపి ఒక దొంతర మిగులుతోంది.

గోదారిగట్టు

దిద్దడం రాత్రికి వాయిదా వేయడమే అసలు తప్పు. రాత్రి దిద్దితే పిల్లలు మర్నాడు చూస్తారు, అప్పటికి ఆ లెక్క ఎందుకలా చేశారో వాళ్లకే గుర్తుండదు. చిన్నవాళ్లిద్దరివీ పక్కన కూర్చున్నప్పుడే దిద్దాలి, పుస్తకం మూసేలోపు. పది లెక్కలిచ్చి దిద్దలేకపోతే ఆరే ఇవ్వండి. దిద్దని పది కన్నా దిద్దిన ఆరు నయం.

పెద్దవాడి జవాబులు వాడే సరిచూసుకోవాలి. టెక్స్ట్ బుక్ వెనక జవాబుల పేజీలు క్లిప్పు పెట్టి మీ దగ్గర ఉంచుకోండి. అధ్యాయం అయ్యాక ఇవ్వండి. తప్పు వచ్చినదాన్ని చెరపనివ్వకుండా, పక్కన వేరే రంగుతో మళ్లీ చేయించండి. మీరు వారానికి ఒకసారి ఆ వేరే రంగు చోట్లు మాత్రం చూస్తే చాలు, వాడు ఎక్కడ ఇబ్బంది పడుతున్నాడో పది నిమిషాల్లో తేలిపోతుంది.

వరస

ఆ పది నిమిషాలు ఆదివారం కూర్చోవడంలో కలపండి. వారానికి 40 నిమిషాలు, పిల్లలు లేకుండా, వీలైతే భార్యాభర్తలిద్దరూ. మొదట ముగ్గురి పుస్తకాల ఆఖరి పేజీలు తెరిచి చూడాలి, అంటే ప్లానులో ఉన్నది కాదు, నిజంగా ఎక్కడ ఆగిందో. తర్వాత వచ్చే వారానికి ఎడమ పేజీలో పేజీ నంబర్లు. తర్వాత జెరాక్సులు, ప్రింట్లు, చార్టు, గమ్ము, ఏవి కావాలో చీటీ. ప్రయోగం ఉన్న వారం ఇది మరీ ముఖ్యం. నిమ్మకాయ, వంటసోడా ఇంట్లో ఉన్నాయో లేదో సైన్స్ పాఠం మధ్యలో చూసుకోకూడదు.

ఏడాదిని కూడా ఒకసారి లెక్క వేసుకోండి. 52 వారాల్లో మే నాలుగు, జూన్ రెండు, దసరా రెండు, సంక్రాంతి రెండు, జ్వరాలు, ప్రయాణాలు, పెళ్లిళ్లకి ఆరు తీసేస్తే 36 మిగులుతాయి. వారానికి నాలుగు రోజులకే పాఠాలు వేయండి, ఐదో రోజు ఖాళీగా పెట్టండి, మిగిలిపోయినవి అక్కడ సర్దుకుంటాయి. 36 వారాలకి 144 కూర్చోవడాలు. లెక్కల పుస్తకంలో 15 అధ్యాయాలుంటే అధ్యాయానికి 8 చొప్పున 120, పునశ్చరణకి 24. అన్ని అధ్యాయాలూ సమానం కావు కాబట్టి భిన్నాలకి పన్నెండు ఇచ్చి, డేటా పటాలకి నాలుగు ఇవ్వండి. ఐదు రోజులూ నింపేసిన ప్లాను మొదటి జ్వరానికే వెనకబడి, ఆ తర్వాత ఎప్పటికీ అందుకోలేదు.

మార్చి సగం నుంచి ఎండ ముదురుతుంది కాబట్టి వరసని ముందుకి జరపండి. ఆరున్నరకి మొదలుపెట్టి పదిలోపు పెద్ద పనులన్నీ ముగించి, మధ్యాహ్నం చదువుకునేది, వినేది మాత్రమే ఉంచాలి. మేలో పూర్తిగా ఆపేసినా చదవడం, ఎక్కాలు రోజుకి 20 నిమిషాలు ఆగకూడదు. ఆపితే జూన్‌లో మొదటి రెండు వారాలు వాటికే పోతాయి.

ఓపెన్‌స్కూల్_మాస్టారు

పెద్దబ్బాయి విషయం వేరుగా రాస్తున్నాను. అక్కడ తేదీలు మన చేతిలో ఉండవు.

ఎన్‌ఐఓఎస్ సెకండరీకి కనీస వయసు 14. ప్రవేశాలు ఏడాదికి రెండు బ్లాకులు. మొదటిది మామూలుగా మార్చి మధ్య నుంచి జులై ఆఖరు దాకా, రెండోది సెప్టెంబరు మధ్య నుంచి జనవరి ఆఖరు దాకా, ఆపైన కొన్నాళ్లు లేట్ ఫీజుతో. మొదటి బ్లాకులో చేరినవాళ్లకి మొదటి పరీక్ష మరుసటి ఏప్రిల్–మేలో, రెండో బ్లాకు వాళ్లకి అక్టోబరు–నవంబరులో. తేదీలు జరుగుతుంటాయి, ఆ ఏడాది ప్రాస్పెక్టస్ చూసే ఖాయం చేసుకోవాలి. సర్టిఫికెట్‌కి ఐదు సబ్జెక్టులు, అందులో కనీసం ఒక భాష, గరిష్ఠంగా రెండు. పాస్ మార్కు 33 శాతం. నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, ఆ లోపు తొమ్మిది పరీక్షావకాశాలు. పాసైన సబ్జెక్టు పోదు. కాబట్టి ఐదూ ఒకేసారి రాయాలన్న తొందర వద్దు. భాష, ఇంకో తేలికైనది ముందు రాసి, లెక్కలు, సైన్స్ తర్వాతి పరీక్షకి ఉంచుకోవచ్చు. తెలుగు మాధ్యమం కూడా ఉంది.

ఇంటి చదువు పిల్లలు జారిపోయే చోటు టీఎంఏ, అంటే ట్యూటర్ దిద్దే అసైన్‌మెంటు. థియరీలో 20 శాతం వెయిటేజీ దానిదే. ఏప్రిల్ పరీక్షకి జనవరి ఆఖరు, అక్టోబరు పరీక్షకి జులై ఆఖరు మామూలు గడువులు. 20 మార్కులకి ఆరు ప్రశ్నలు: మొదటి మూడు రెండేసి మార్కులు, తర్వాతి రెండు నాలుగేసి, ఆరోది ప్రాజెక్టు, దానికొక్కదానికే 6. అందరూ మొదటి ఐదూ రాసి ప్రాజెక్టుని చివరి వారానికి వదులుతారు. ఐదు సబ్జెక్టులకి ఐదు ప్రాజెక్టులు ఒక్క వారంలో కావు. జనవరి గడువైతే అక్టోబరు నుంచి సబ్జెక్టుకి రెండు వారాలు కేటాయించండి, మొదటి వారం ప్రాజెక్టుకి, రెండో వారం మిగతా ఐదు ప్రశ్నలకి. డిసెంబరు సగానికి అయిపోతాయి, సంక్రాంతి నిశ్చింతగా గడుస్తుంది. జవాబులు అబ్బాయి సొంత దస్తూరిలోనే ఉండాలి. పంపిన ప్రతిదానికీ ఒక కాపీ ఇంట్లో ఉంచుకోండి, అందినట్టు వచ్చే రుజువుతో సహా.

ఇప్పటి నుంచే చూసుకోవాల్సింది ఇంకోటి ఉంది: పేరు. మన ఇంటిపేర్ల వల్ల వచ్చే చిక్కు ఇది. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఒక్కటే ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, పాత బడి టీసీలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా వెనక ఉంటుంది. ప్రవేశ ఫారంలో ఏది రాస్తే అదే సర్టిఫికెట్ మీద అచ్చవుతుంది, ఆ తర్వాత ఇంటర్, ఎంట్రన్సులు, పాస్‌పోర్టు అన్నిట్లో అదే. చేరడానికి కనీసం ఆరు నెలల ముందు మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. తల్లిదండ్రుల పేర్లు కూడా. తేడా ఉంటే మీసేవలో బర్త్ సర్టిఫికెట్, ఆధార్ కేంద్రంలో ఆధార్ సరిచేయించాకే ఫారం నింపండి. బడికి వెళ్లని పిల్లలకి ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ లేదని భయపడొద్దు, సెకండరీ కోర్సు చదవగలిగినంత చదువుకున్నానని స్వయంగా ఇచ్చే ధ్రువీకరణ సరిపోతుంది.

మెట్టపల్లె

మాస్టారూ, రాష్ట్ర ఓపెన్ స్కూళ్లు కూడా ఉన్నాయి కదా?

ఓపెన్‌స్కూల్_మాస్టారు

ఉన్నాయి. ఆంధ్రకి, తెలంగాణకి విడివిడిగా సార్వత్రిక విద్యాపీఠాలు ఉన్నాయి, పదో తరగతికి అక్కడా కనీస వయసు 14. తెలుగులో చదివే పిల్లలకి, దగ్గరలో మంచి స్టడీ సెంటర్ ఉంటే అది బాగుంటుంది. వేరే రాష్ట్రానికి మారే అవకాశం ఉన్న కుటుంబానికి ఎన్‌ఐఓఎస్ నయం. సైన్స్ లాంటి ప్రాక్టికల్స్ ఉన్న సబ్జెక్టుకి ఎక్కడ చేరినా సెంటర్‌కి వెళ్లక తప్పదు, ఇంటికి ఎంత దూరమో చూసుకునే సెంటర్ ఎంచుకోండి.

పలకాబలపం

లైబ్రరీ పుస్తకాల గురించి ఒక చిన్న మాట. జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖల్లో సభ్యత్వం తీసుకుంటే తెచ్చిన పుస్తకాలు ఇంటి పుస్తకాల్లో కలవకుండా ఒక చేతిసంచీ వాటికే కేటాయించండి. తలుపు పక్కన కొక్కేనికి. చదవడం అవగానే సంచీలోకే. తిరిగి ఇచ్చే తేదీ సంచీ మీదే చీటీ అంటించాలి.

ఇంటిబడి_ఒంగోలు

మాస్టారూ, పేరు సంగతి చూశాను, మీరన్నట్టే ఆధార్‌లో ఒకలా, బర్త్ సర్టిఫికెట్‌లో ఒకలా ఉంది. రేపే మొదలుపెడతాను. ఇక ఆఖరు ప్రశ్న. నాకే ఒంట్లో బాగోకపోతే, చుట్టాలు నాలుగు రోజులుంటే ఏం చేయాలి? అప్పుడు అన్నీ ఆగిపోతున్నాయి.

గోదారిగట్టు

అలాంటి రోజులకి ఒక కనీసపు జాబితా ముందే రాసి ట్రేల పక్కన అంటించి ఉంచండి. చిన్నవాడికి కార్డులు ఐదు నిమిషాలు, కథ వినడం. పాపకి ఒక పేజీ చూచిరాత, పాత అధ్యాయం నుంచి ఆరు లెక్కలు, అరగంట చదవడం. పెద్దవాడికి చదవడం, సరిచూసుకోవడం. కొత్త పాఠం ఎవరికీ వద్దు. మొత్తం ముప్పావుగంట, గంట. దీన్ని నడపడానికి మీరు లేవక్కర్లేదు. కార్డులు పాప పట్టుకోగలదు, కథ తాతయ్యో నాన్నమ్మో చెప్పగలరు. ఆ రోజు గళ్ల కాగితంలో తేదీ పడాల్సిందే. నాలుగు రోజులు పూర్తిగా ఆగిన ఇంట్లో ఐదో రోజు మొదలుపెట్టడం కష్టం, గంట చొప్పున నడిచిన ఇంట్లో ఐదో రోజు మామూలు వరస అందుకుంటుంది.

ఓపెన్‌స్కూల్_మాస్టారు

దానికి ఒక మినహాయింపు. టీఎంఏ గడువుకి మూడు వారాల లోపు ఉన్నప్పుడు పెద్దవాడి కనీసపు జాబితాలో చదవడం తీసేసి టీఎంఏ పెట్టండి, రోజుకి ఒక ప్రశ్న. రాసిన పేజీలు అదే రోజు స్కాన్ చేసి, సబ్జెక్టు పేరు, ప్రశ్న నంబరుతో ఫైలు పేరు పెట్టించండి. గడువు రోజున పోర్టల్ నెమ్మదిస్తుంది, కనీసం వారం ముందే అప్‌లోడ్ చేసేయాలి.